లక్ష్మణ్‌కు ఆ గౌరవం దక్కాలా?
(నాచారంలో జరిగిన సంఘ సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు చెప్పారు. నన్ను మాత్రం క్రికెట్ మీద మాట్లాడమన్నారు. ఉదయం నడక అయ్యాక మా బెంచీ మీద జరిగే రభస మీ అందరి చెవినా పడినట్లుంది. మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు ఐ.సి.సి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కాలా, వద్దా? ఇదీ తగువు. 2009లో మొదలైన ఆ జాబితాలో గవాస్కర్, బేడీ, కపిల్‌దేవ్, ఆ తరువాత కుంబ్లే, ద్రావిడ్, సచిన్, సెహ్వాగ్ చేరారు. 2025లో ధోనీ చేరాడు. అప్పటివరకు ప్రకటించిన పేర్లలో మనవాడు లేడు.

మా అకౌంట్స్ మిత్రుడు కాగితం తీస్తాడు. "134 టెస్టుల్లో 17 సెంచరీలు. సగటు 46కు లోపే. ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఏ లెక్కన ఇస్తారండీ?" అంటాడు. ఆ లెక్క తప్పని నేననను. వన్డేలలో ఆయన ఆ స్థాయి ఆటగాడు కాడు, వికెట్ల మధ్య పరుగు కూడా నిదానమే. 2003 ప్రపంచ కప్ జట్టులో తీసుకోకపోవడం మాత్రం నాకిప్పటికీ మింగుడు పడలేదు.

కాని ఆ 8781 పరుగులు ఎప్పుడు వచ్చాయో కాగితం చెప్పదు. 2001 మార్చి, కలకత్తా. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. మనం 274 పరుగులు వెనుకబడి ఫాలో ఆన్ ఆడుతున్నాం. నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్ పోనివ్వలేదు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. చాయ్ వంకతో గేటు దగ్గరి ట్రాన్సిస్టర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో! 281 కొట్టాడు, 171 పరుగులతో గెలిచాం. 2010లో మొహాలీలో నడుము పట్టేసినా, రన్నర్‌ను పెట్టుకుని 73 నాటౌట్. ఒక్క వికెట్ తేడాతో గెలుపు. సంస్థ మునిగిపోయేటప్పుడు నిలబడిన ఉద్యోగికి ఏ రిజిస్టరులో మార్కులు వేస్తారండీ?

ఇక ఒక సంగతి ఒప్పుకోవాలి. 2011లో ఇంగ్లండులో, ఆ తరువాత ఆస్ట్రేలియాలో 0-4, 0-4తో ఓడి వచ్చినప్పుడు, "ఇక చాలు, కుర్రాళ్లకు దారి ఇవ్వాలి" అని అదే బెంచీ మీద గట్టిగా అన్నవాణ్ణి నేనే. 2012 ఆగస్టు 23న ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు. జట్టులో ఆయన పేరుంది. సొంత ఊళ్ళో ఆడి, దండ వేయించుకుని వెళతాడనుకున్నాం. మనవడి కోసం టిక్కెట్లు కూడా తెచ్చాను. 18వ తేదీన ఆ స్టేడియంలోనే విలేకరుల ముందు రిటైర్మెంటు ప్రకటించేశాడు, ఆ క్షణం నుంచే! నాకు శాలువా, గోడ గడియారం ఇచ్చి సాగనంపారు. ఆయన మైదానంలో వీడ్కోలు లేకుండానే పోయాడు. టి.వి. ముందు బాధపడుతుంటే మనవడు, "నువ్వే కదా తాతయ్యా, వెళ్ళిపొమ్మన్నావు?" అన్నాడు. ఏం చెప్పను? మజ్జిగ తెమ్మన్నాను.

నా ఓటు లక్ష్మణ్‌కే. మా అకౌంట్స్ మిత్రుడు మూడో వరుసలో కాగితంతో సిద్ధంగా ఉన్నారు. అధ్యక్షులవారు వారికి అయిదు నిమిషాలు ఇప్పించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.