తేడా సొమ్ము ఎవరి సొమ్ము?

(నందిగామలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



"ఇదే వస్తువు ఇంకెక్కడైనా తక్కువకు దొరికితే తేడా సొమ్ము వాపసు ఇస్తాం." మిక్సీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణాల్లో ఈ మాట మనందరం విన్నదే. జగ్గయ్యపేటలో కొని, నందిగామలో ధర అడిగి, తేడా రాబట్టుకున్నవాళ్ళు మనలోనూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. ఎమ్మార్పీ గరిష్ఠ ధర మాత్రమే. అంతా ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. బేరమాడటం మన హక్కు.

అయితే ఈ వాగ్దానంలో రెండు వైపులా లొసుగులున్నాయి. మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం మారితే "ఇది అదే వస్తువు కాదు" అంటాడు దుకాణదారు. పక్క ఊరి ధర చెల్లదన్న షరతు, వారం గడువు కంటికి ఆనని అక్షరాల్లో ఉంటాయి.

కొనేవాళ్ళు కూడా తక్కువ తినలేదు. తెలిసిన కొట్లో దొంగ బిల్లు రాయించుకొచ్చేవాళ్ళున్నారు. 2014 నవంబరులో అమెరికాలో వాల్‌మార్ట్ ఆన్‌లైన్ ధరకే ఇస్తామంటే, కొందరు అమెజాన్‌లో దొంగ ప్రకటనలు పెట్టి, 400 డాలర్ల వీడియో గేమ్ యంత్రాన్ని 100 డాలర్ల లోపుకే పట్టుకుపోయారు. కొద్దిరోజుల్లోనే కంపెనీ నిబంధన బిగించింది. ఆ నష్టం ఆ కంపెనీకి ఒక లెక్క కాదు.

మన ఊళ్ళలో అలా కాదు. దొంగ బిల్లు పోల్చుకోలేదని, కౌంటర్లో పనిచేసే ఒకమ్మాయి జీతంలోంచి యజమాని 600 రూపాయలు కోసుకున్నాడు. ఆ అమ్మాయి నాకు తెలుసు. సంజాయిషీ చెప్పుకోనివ్వకుండా అలా కోయడం చట్టవిరుద్ధం. కానీ ఉన్న పని పోతుందేమోనని ఆమె నోరెత్తలేదు. యజమాని మీద గెలిచామనుకున్నవాళ్ళు నిజానికి ఒక కూలిపిల్ల కొంగులోంచి తీసుకున్నారు.

కాబట్టి దొంగ బిల్లు మన దారి కాదు. మన దారి చట్టం. ధర విషయంలో తప్పుదోవ పట్టించడం, అడిగితే బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. 1915కు ఫోన్ చేయవచ్చు. మనం నివసించే జిల్లా కమిషన్లోనే రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపుంటే రుసుము లేదు.

కొనేముందు షరతులు చదివించుకోండి. "తేడా ఇస్తాం" అన్న మాటను బిల్లు మీద రాయించుకోండి. మోడల్ నంబరు పూర్తిగా వేయించండి. మాట తప్పితే యజమానినే నిలదీయండి, కౌంటర్లో పిల్లను కాదు. ఆమె జీతం కోశారని తెలిస్తే, ఆమె పక్కన నిలబడండి.