ముద్దుకీ హద్దుంది



అల్పాకా అనే జంతువు పేరు మనలో చాలామంది విని ఉండరు. ఒంటెకు దూరపు చుట్టం, మూపురం మాత్రం ఉండదు. గొర్రెకన్నా ఎత్తుగా, ఒళ్లంతా మెత్తని ఉన్నితో ఉంటుంది. లామా దీనికి అన్నగారి వరస, బరువులు మోస్తుంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద, పెరూ, బొలీవియా దేశాలలో వేల ఏళ్లుగా వీటిని పెంచుతున్నారు. అక్కడి పిల్లలకు ఈ పని అమ్మానాన్నల వెంట తిరుగుతూనే పట్టుబడుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మాత్రం చాలామంది పిల్లలు 'ఫోర్-హెచ్' అనే యువజన సంఘాలలో చేరి నేర్చుకుంటారు. తల, గుండె, చేతులు, ఆరోగ్యం - ఇంగ్లీషులో ఈ నాలుగు మాటలూ 'హెచ్'తోనే మొదలవుతాయి, అందుకని ఆ పేరు. 1902లో ఒహాయో రాష్ట్రంలో పెట్టిన పిల్లల క్లబ్బు దీనికి మూలం.

మా చెల్లెలు ఆ ఒహాయోలోనే ఉంటోంది. దాని కూతురు, పదమూడేళ్లది, ఈ సంఘంలో చేరింది. ఇంట్లో తాగిన గ్లాసు తీయని పిల్ల, శనివారం తెల్లారకుండా లేచి పక్క ఊరి ఫారంలో పెంటికలు ఎత్తుతోందంటే నేను నమ్మలేదు. "కష్టమేం లేదు పెద్దమ్మా, అన్నీ ఒకే చోట వేస్తాయి" అంది. ఎండుగడ్డి వేయడం, నీళ్లు మార్చడం, గోళ్లు కత్తిరించడం, తాడు పట్టి నడిపించడం, చెవులు వెనక్కి వాల్చి గడ్డం ఎత్తితే ఉమ్మబోతోందని గ్రహించి తప్పుకోవడం - ఒక్కొక్కటే నేర్చుకుంది. ఏడాదికోసారి, వేసవికి ముందు ఉన్ని కత్తిరించకపోతే ఎండకు తాళలేవట.

పోయిన ఏడాది అక్కడ ఒక అల్పాకా, పదకొండున్నర నెలలు మోసి ఈని, పాపం, రెండో రోజే చనిపోయింది. పుట్టింది మగపిల్ల. సీసాతో పాలు పట్టే పని మా అమ్మాయికి అప్పగించారు. ఇక దాన్ని ఒళ్లోంచి దించితే ఒట్టు! వారం తిరక్కుండా ఫారం యజమానురాలు గట్టిగా చెప్పిందట: "పాలు పట్టు, మందలో వదిలిపెట్టు. ముద్దులు చెయ్యకు."

అమ్మాయి ఫోనులో ఒకటే ఏడుపు. "ఆవిడకి జాలి లేదు పెద్దమ్మా!" నాకూ అలాగే తోచింది. కారణం తర్వాత తెలిసింది. తన జాతికి దూరంగా మనుషుల చేతుల్లోనే పెరిగిన మగపిల్ల, మనుషుల్నీ తన జాతే అనుకుంటుంది. పెద్దదయ్యాక, మగవి ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నట్టే, పెంచినవాళ్ల మీదికే వస్తుంది. ఛాతీతో గుద్దుతుంది, కరుస్తుంది. అప్పుడిక దాని బుద్ధి మార్చడం చాలా కష్టం. అలాంటివాటిని చంపేయవలసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అంటే మన ముద్దు చివరికి ఆ మూగజీవి ప్రాణం మీదికే వస్తుందన్నమాట.

అమ్మాయి కళ్లు తుడుచుకుని చెప్పినట్టే చేసింది. పాలు పట్టడం, గేటు వేసి వచ్చేయడం. మొదట్లో అది గేటు దగ్గరే నిలబడి సన్నగా మూలిగేదట. ఇప్పుడు ఈమె వెళితే ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడుతోంది. "నన్ను మర్చిపోయింది పెద్దమ్మా" అంది మొన్న. ఆ గొంతులో బాధ ఉంది, కాస్త గర్వమూ ఉంది.

ఆ రాత్రే, ఇంటర్ చదువుతున్న మావాడు "అమ్మా, అన్నం కలిపి పెట్టు" అంటూ వచ్చాడు. కంచం చేతికిచ్చి, కూర గిన్నె చూపించాను. వాడు నాకేసి అదోలా చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కష్టంగానే ఉంది. అయినా వంటింట్లోంచి కదల్లేదు.