ఎత్తు పెంచు శస్త్రచికిత్స



పిల్లకు సంబంధము చూచునప్పుడు కుటుంబము, ఆస్తిపాస్తులు విచారించిన పిమ్మట, ‘పిల్లవాని యెత్తెంత?’ అని యడుగుట మన పులికాట్ తీరపు గ్రామములలోను వాడుకయే. నవ్వుచు మనమను ‘పొట్టివాడు’ అను మాట కుర్రవాని మనస్సున ముల్లువలె నాటుకొనును. ఆ ముల్లు తీయించుకొనుటకై కొందరు ఎముకలనే కోయించుకొనుచున్నారు. ఆ చికిత్సను గురించి నాకు తెలిసినంత మనవిచేసెదను.

ఈ పద్ధతిని 1950 తరువాత సైబీరియాలోని కుర్గాన్ నగరమున ఇలిజరోవ్ అను వైద్యుడు వృద్ధిచేసెను. ఎముకను కోసి, కాలిచుట్టు లోహపు వలయములమర్చి, సన్నని తీగలతో ఎముకకు బిగింతురు. కొన్ని దినములకు మరలు త్రిప్పుచు, దినమునకు 1 మిల్లీమీటరు చొప్పున, అదియు నాలుగు విడతలుగా, ముక్కలను ఎడము చేయుదురు. ఆ సందున క్రొత్త ఎముక పుట్టును. పోలియో వలన గాని, ప్రమాదము వలన గాని, పుట్టుకతో గాని ఒక కాలు పొట్టియైనవారికి ఇది వరమే.

చక్కగా నడచువాడు అందము కొరకు పూనుకొన్నచో లెక్క వేరు. రెండంగుళములు పెరుగవలెనన్న సుమారు 50 దినములు సాగదీయవలెను. అది గట్టిపడుటకు అంతకు రెట్టింపో, ఇంకను ఎక్కువయో పట్టును. మొత్తము ఆరు మాసములు, ఒక్కొక్కప్పుడు ఏడాది. ఎముకలోపల నుంచు కడ్డీలు ఇప్పుడు వచ్చినవి. వలయముల బాధ తప్పినది గాని ఎముక పెరుగుదలకు తొందర నేర్పలేదు.

కండరములును నరములును ఎముకతో సమముగా సాగవు. మడమ నేలనానకుండుట, మోకాలు బిగిసిపోవుట, పాదము తిమ్మిరెక్కుట, తీగలు దూర్చినచోట చీముపట్టుట, ఎముక అతుకకుండుట వైద్యులెరిగిన చిక్కులే. అరుదుగా క్రొవ్వు గాని గడ్డకట్టిన రక్తము గాని ఊపిరితిత్తులకు పోయి ప్రాణాపాయము కలుగును. కోరిన యెత్తు పొంది సంతోషించినవారును కలరు. కాని కాలికి మునుపటి బలము వచ్చి తీరునని ముందుగా హామీ ఈయగలవారు లేరు. నీటిలో నిలిచి వల లాగువానికి, మడిలో వంగి నాటువానికి ఆ బలమే గదా జీవనము!

2016వ సంవత్సరము ఏప్రిల్ మాసమున హైదరాబాదులో ఒక యువకుడు తల్లిదండ్రులకు తెలుపకయే ఈ శస్త్రచికిత్స చేయించుకొనెను. అతడు పొట్టివాడు కాడు; 5 అడుగుల 7 అంగుళములవాడు. కొడుకు కానరాలేదని వెదకిన తలిదండ్రులకు ఆసుపత్రి మంచముపై కనబడెను. పత్రికలలో గొప్ప వివాదము చెలరేగినది; తెలంగాణ వైద్యమండలి విచారించి, వైద్యుని రెండేండ్లు వృత్తినుండి తొలగించుచు ఉత్తరువిచ్చినది.

ఆ యువకుడు యుక్తవయస్కుడు; తన దేహముపై నిర్ణయము తనదే. అయినను ఇంట చెప్పుకొనలేకపోవుటను మనము గమనింపవలెను. నెలల తరబడి మంచముపై నుండువానికి అన్నము పెట్టవలసినది, చేయి పట్టి నడిపింపవలసినది ఇంటివారే గదా!

కనుక మీ యింటి పిల్లవాడు ఈ మాట యెత్తినచో గద్దింపకుడు, నవ్వకుడు. దగ్గర కూర్చుండబెట్టుకొని వినుడు. సంబంధము లేని మరియొక ఎముకల వైద్యుని అభిప్రాయమును అడుగుడు. ఎంత కాలము, ఎంత వ్యయము, చిక్కు వచ్చినచో బాధ్యత యెవరిదని వ్రాయించుకొనుడు. అంతకు ముందే, పెండ్లిమాటలలో అంగుళములు లెక్కించుట మనమే మానుదము. ఈ శస్త్రచికిత్స ఎముకను సాగదీయగలదు గాని మన మాట చేసిన గాయమును మాన్పలేదు.