విద్యార్థులును, చదువుకొను విధానమును
(సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



విద్యయొక్క ఆవశ్యకతనుగూర్చి మన సభలలో ఏటేట ఉపన్యాసములు జరుగుచునే యున్నవి. దాతలు విద్యార్థివేతనములకు ధనమిచ్చుచున్నారు. అయినను, పిల్లవాడు పుస్తకము చేతబట్టిన పిదప దాని నెట్లు చదువవలెనో చెప్పువారు అరుదు. రాత్రి చాల ప్రొద్దుపోవువరకు దీపముకడ కూర్చుండియు, పరీక్షలో వ్రాయలేక, తనకు బుద్ధి లేదని తలచి, చదువు మానుకొని విశాఖపట్టణమునకో హైదరాబాదునకో కూలికి పోవు పిల్లలు మన శ్రీకాకుళ విజయనగర మండలములలో కలరు. వారిలో పెక్కురకు లోపించినది బుద్ధి గాదు, విధానము. దానిని గూర్చియే నేడు విన్నవింపదలచితిమి.

మార్గదర్శకులకై మనము దూరము పోనక్కరలేదు. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళమునకు సమీపమున, వంశధారాతీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, విజయనగరమున చదివి, 1879లో మెట్రిక్యులేషనునందు ఉత్తీర్ణులై, మరుసటియేడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఉద్యోగము చేయుచునే స్వయంకృషిచే ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు నెగ్గిరి. శ్రీముఖలింగమందలి శాసనములు చదువుటకై ప్రాచీనలిపులను తమంతట తాము నేర్చుకొనిరి. వ్యావహారికభాషకై వారు చేసిన పోరాటము లోకవిదితమే. నేడు మేము స్మరింపదలచినది వారు చదివిన తీరు.

ఆ ప్రాంతపు కొండలయందు నివసించు సవరల భాషకు నాడు లిపి లేదు. పంతులుగారు ఆ భాష తెలిసిన వానిని ఇంట నుంచుకొని, విని, పలికి, వ్రాసికొని, సవరలతోనే సంభాషించుచు దశాబ్దములు కృషిచేసిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైనువలన వినికిడి తగ్గినను మానలేదు. సవరబాలురకు తమ సొమ్ముతో బడులు పెట్టించిరి; ఆ భాషలో వాచకములు వ్రాసిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడెను. నిఘంటువులు తరువాత వచ్చినవి. నేర్చినదానిని వెంటనే నోటను, చేతను ప్రయోగించుట, ఇతరులకు బోధించుట, ఇదియే వారి మార్గము.

శాస్త్రజ్ఞులును ఈ మాటయే చెప్పుచున్నారు. జర్మనీదేశీయుడగు ఎబ్బింగ్‌హౌసు 1885లో ప్రకటించిన గ్రంథమునందు, అర్థములేని అక్షరముల వరుసలను తానే వల్లించి, ఒక్కదినమున 68 పర్యాయములు వల్లించుటవలన కలుగు ఫలము, మూడుదినములకు పంచి 38 పర్యాయములు వల్లించినను కలుగునని తెలిపెను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అను పండితులు విద్యార్థులపై మరియొక పరీక్ష చేసిరి. ఒక పాఠమును కొందరు నాలుగుమారులు చదివిరి. కొందరు ఒక్కమారు చదివి, పుస్తకము చూడక మూడుమారులు జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషములకు మొదటివారే మిన్నగా కనబడిరి. వారము గడచినపిదప మొదటివారికి నూటికి 40 వంతులును, రెండవవారికి 61 వంతులును జ్ఞాపకముండెను. చదువుచున్నప్పుడు వచ్చినదని తోచుట వేరు, నిలుచుట వేరు అని దీనివలన తేలుచున్నది.

మన వీథిబడులలో ఇసుకలో వ్రాయించి, ఎక్కములు అప్పగింపజేసి, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించెడివారు. చెన్నపట్టణమున ఆండ్రూ బెల్ అను దొర దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని, పిల్లలచే పిల్లలకు బోధింపజేయుటను తన బడిలో నెలకొల్పి, 1797లో ఇంగ్లండునందు గ్రంథముగా ప్రకటించెను. అర్థము తెలియక వల్లించుట ఆ బడులయందలి లోపము. దానిని విడిచి, అప్పగింతను నిలుపుకొనుట మనకు శ్రేయస్కరము.

కావున విద్యార్థులారా! పాఠమును అర్థముచేసికొని చదివి, పుస్తకము మూసి, తెలిసినంత వ్రాయుడు. పిమ్మట తెరచి, తప్పినవి దిద్దుకొనుడు. ఆ పాఠమునే మరునాడు, నాలుగవనాడు, వారమునకు మరల అడుగుకొనుడు. లెక్కలను, పరిష్కారము చూడక చేయుడు. చదువువేళ సెల్‌ఫోను వేరొక గదిలో నుంచుడు. పరీక్షలకై నిద్ర మానకుడు. నేర్చినది మనస్సున కుదురుకొనుటకు నిద్ర అవసరము.

తల్లిదండ్రులారా! మాకు చదువు రాదు, మేమేమి చేయగలమని మీరు అనుకొనవచ్చును. అక్షరము రాని తల్లియు ఒక్క పని చేయగలదు. "ఈ దినమున ఏమి నేర్చితివమ్మా? నాకు తెలియునట్లు చెప్పుము" అని రాత్రి భోజనమువేళ అడిగిన చాలును. అమ్మకు అర్థమగునట్లు చెప్పలేనిది తనకును సరిగా రాలేదని బిడ్డ తానే గ్రహించును. కుమారునివలెనే కుమార్తెను గూడ అడుగుడు. ఇంటిపనిపేర ఆమె చదువుగంటను తీసికొనకుడు.

పోషకులారా! మీరిచ్చు వేతనము బిడ్డను బడికి చేర్చును. చదువు నిలుపుటకు స్థలమును, వేళయు కావలెను. ప్రతిగ్రామమున మనవారికొక గది, ఒక దీపము, సాయంకాలము ఒక గంట ఏర్పరుపుడు. పై తరగతివారు క్రింది తరగతివారి అప్పగింతలు విందురు గాక. దీనికి మేడలు అక్కరలేదు. వేతనము పొందు విద్యార్థి వారమున కొకనాడైన చిన్నవారికి చెప్పవలెనను నియమము పెట్టినచో, మీ ధనము ఒక్కనికి గాక పదుగురకు ఉపకరించును. చెప్పువానికే అధికముగా వచ్చును.

వచ్చు మహాసభనాటికి ఒక్క గ్రామమునైనను ఇట్టి గది వెలసినచో మా మాటలు సార్థకములైనవని తలంతుము.