పోయే ప్రాణానికి తోడు



పోయేముందు కొందరు, ఎప్పుడో పోయిన అమ్మతోనో అన్నతోనో మాట్లాడతారు. చుట్టూ కూర్చున్నవాళ్ళకు అక్కడ ఎవరూ కనబడరు. మన సీమ పల్లెల్లో ఇలాంటి మాట వినని ఇల్లు అరుదు. ఆ వచ్చేదెవరో తేల్చడం నా వల్ల కాదు. పోయే మనిషిని సాగనంపడానికి మనవాళ్ళు ఏం చేస్తూ వచ్చారో, ఆ చరిత్ర చెబుతాను. అందుకు ఆళ్ళగడ్డ దగ్గరి అహోబిలం నుంచే మొదలుపెట్టాలి.

హిరణ్యకశిపుడి చావు అందరికీ తెలిసిందే. సంధ్యవేళ, గడప మీద, ఇంటా బయటా కాని చోట. నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనంటూ ఎగువ అహోబిలం కొండల్లో ఉగ్రస్తంభాన్ని ఇప్పటికీ చూపిస్తారు. అయితే భాగవతంలో ఆ తర్వాతి ఘట్టాన్ని మనం అంతగా తలచుకోం. వరం కోరుకోమన్న నరసింహుణ్ణి కొడుకు ప్రహ్లాదుడు అడిగింది తండ్రి సద్గతి. తనను చంపబూనిన తండ్రి కోసమే ఆ బిడ్డ చేయి చాచాడు. నీ తండ్రితోపాటు ఇరవై ఒక్క తరాలూ పునీతమయ్యాయని స్వామి మాట ఇచ్చాడు.

చివరి తలపు ఎలా ఉంటే గతి అలా ఉంటుందని గీత చెప్పింది. భక్తులకు పట్టుకున్న భయమూ అదే. నొప్పితో, మగతతో ఉన్నవాడికి దేవుడు గుర్తొస్తాడా? వైష్ణవ భక్తకవి పెరియాళ్వార్ శ్రీరంగనాథుడితో ఈ సంగతే మొరపెట్టుకున్నాడు: అప్పుడు తలచుకోలేనేమో, అందుకే ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను అని. శ్రీవైష్ణవుల వరాహ చరమశ్లోకంలో దీనికి జవాబు దొరుకుతుంది. ఒళ్ళు బాగున్నప్పుడు నన్ను తలచినవాడు కట్టెలా, రాయిలా పడి ఉన్న వేళ వాణ్ణి నేనే తలచుకుంటాను, నేనే తీసుకుపోతాను అంటాడు వరాహస్వామి. అహోబిలంలోని నవనారసింహుల్లో వరాహ నరసింహుడూ ఒకడు. భవనాశిని సెలయేటి పక్కన ఆయన గుడి ముందు నిలబడితే ఈ మాట గుర్తు రాకుండా ఉండదు.

  గుళ్ళ మాట అలా ఉంచి, ఇళ్ళలో జరిగేది చూడండి. ప్రాణం కొట్టుమిట్టాడుతుంటే మనిషిని మంచం మీంచి దించి చాప మీద పడుకోబెడతారు. తల దగ్గర దీపం పెడతారు. కొడుకో కూతురో ఉద్ధరిణెతో తులసి తీర్థం పెదవులకు తాకించి, కుడిచెవిలో నారాయణ నామం చెబుతారు. “నీ బిడ్డలను మేం చూసుకుంటాం, నువ్వు దిగులు పడకు” అని పెద్దవాళ్ళు భరోసా ఇస్తారు. ఊపిరి ఆగాక దాసరి వచ్చి శంఖం ఊదుతాడు, జేగంట మోగిస్తాడు. ఆ రాత్రి తత్వాలతో తెల్లవారుతుంది.

ఇక పోయేవాళ్ళకు కనబడే మనుషుల సంగతి. ఓసిస్, హరాల్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోనూ ఉత్తర భారతంలోనూ డాక్టర్లను, నర్సులను అడిగి 1977లో ఒక పుస్తకం తెచ్చారు. అమెరికా రోగులకు ఎక్కువగా చనిపోయిన బంధువులు కనిపించారు. మనవాళ్ళకు దేవతలు, యమదూతలు ఎక్కువ. 2014లో అమెరికాలో, చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే బఫెలో హాస్పిస్‌లో 59 మందిని అడిగితే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అలాంటి కలో దర్శనమో ఒక్కసారైనా కలిగిందన్నారు. పోయినవాళ్ళు కనబడినప్పుడు ఎక్కువ ఊరట దొరికిందన్నారు. 2020లో కెనడా పరిశోధకులు, స్పృహ లేని రోగుల్లో కొందరి మెదడు చివరి గంటల్లోనూ శబ్దాలకు స్పందిస్తోందని గమనించారు. అర్థం తెలుస్తోందో లేదో వాళ్ళూ చెప్పలేదు. చెవిలో నామం చెప్పే మన ఆచారం వట్టిది కాదనడానికి నాకు ఆ మాత్రం చాలు.

కాబట్టి శ్రోతలారా, మీ ఇంట్లో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే, అమ్మ వచ్చిందంటే కాదనకండి, భయపడకండి. ఏమంటోందని అడగండి. మింగలేని మనిషి గొంతులో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడిపిన దూదితో పెదవులు తుడవండి. వినబడదనుకుని మంచం పక్కన ఆస్తి గొడవలు పెట్టకండి. చేయి పట్టుకుని పేరు పెట్టి పిలవండి. పోయేవారికి మనసు నిలవకపోవచ్చు. వారి తరఫున తలచుకోవలసింది మనమే.