దారి మ్యాపు చూపిస్తుంది, ఎంచుకోవలసింది మనం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోనులో దారి చూసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. "దీనికి ఉపన్యాసం దేనికి? ఊరి పేరు కొడితే దారి అదే చూపిస్తుందిగా!" అని మన కుర్రవాళ్లు అనవచ్చు. చూపిస్తుంది, నిజమే. కాని అది సాధారణంగా ఎంచేది త్వరగా చేరే దారిని. బండిలో మోకాళ్ల నొప్పుల నానీమా వున్నదనీ, చంటిపిల్ల వున్నదనీ, నడిపేవాడికి ఆ రోడ్డు కొత్త అనీ దానికి తెలియదు. మనకు తెలుసు. కనుక దారిని మనకు తగినట్టు దిద్దుకునే బాధ్యత మనదే.

ఒక ఉదాహరణ చెబుతాను. హైదరాబాదు నుంచి మార్కాపురం పెళ్లికి పోవాలనుకోండి. ఒక దారి శ్రీశైలం మీదుగా, నల్లమల అడవిలోంచి పోతుంది. పగటిపూట హాయిగా వుంటుంది. కాని రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆ అడవి గేట్లు మూసివేస్తారు. ఆలస్యంగా బయలుదేరితే మన్ననూరు గేటు దగ్గర పిల్లాపాపలతో తెల్లవార్లూ పడిగాపులే. అప్పుడేం చెయ్యాలి? మ్యాపులో 'యాడ్ స్టాప్' అని వుంటుంది. అక్కడ నాగార్జునసాగర్, మాచర్ల అని మజిలీలు చేర్చండి. గీత అటువైపు తిరుగుతుంది. ఆపైన మాచర్లలో ఎరిగినవాళ్లకు ఫోను చేసి, రోడ్డు ఎట్లా వుందో కనుక్కోండి.

కంప్యూటరులో అయితే గూగుల్ మ్యాప్స్ గీతను మౌసుతో పట్టి, కావలసిన రోడ్డు మీదికి లాగవచ్చు. ఈ సౌకర్యం 2007లో వచ్చింది. అయితే అలా లాగిన గీత ఫోనుకు పంపినప్పుడు ఒక్కోసారి నిలవదు. మజిలీ చేర్చడమే నమ్మకమైన పద్ధతి.

పెళ్లిపత్రికలు పంచేటప్పుడు కూడా ఇదే ఉపాయం. చాచా ఇల్లు, ఖాలా ఇల్లు, మామూ ఇల్లు అన్నీ ఒకే ప్రయాణంలో చేర్చుకోవచ్చు. కాని ఏది ముందో, ఏది వెనకో మనమే వరుస పెట్టాలి. లేకపోతే ఒకే వీధికి రెండుసార్లు తిరిగి పెట్రోలు తగలేసుకుంటాం.

టోలుగేట్లు తప్పించే ఏర్పాటు కూడా వుంది. డబ్బు మిగులుతుందని నొక్కేస్తాం. అది పల్లెదారుల్లోకి తిప్పవచ్చు. పగలైతే సరే, రాత్రివేళ కుటుంబంతో ఆ లెక్క గిట్టదు. అడవుల్లో, కొండల్లో సిగ్నలు అందదు గనుక ఆ ప్రాంతం మ్యాపును ఇంటి దగ్గరే ఫోనులోకి దించుకోండి.

ఇదంతా చాదస్తం అనుకోకండి. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకు కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన మీదికి ఒక కారు వెళ్లి రామగంగ నదిలో పడింది. ముగ్గురు చనిపోయారు. మ్యాపు చూపిన దారినే వెళ్లారని వార్తలు వచ్చాయి. నిన్న తెగిన వంతెన ఇవాళ్టి మ్యాపులో వుండవచ్చు. కొత్త రోడ్డులో అనుమానం తోస్తే బండి ఆపి, టీకొట్టు దగ్గర ఒక మాట అడగండి. అడిగితే పరువేమీ పోదు.

చివరగా ఒక మాట. 2020 అక్టోబరు నుంచి మన మోటారు వాహనాల నిబంధనలు నడిపేవారికి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే అనుమతిస్తున్నాయి, అదీ దృష్టి చెదరకుండా. అందుచేత దారి దిద్దడం ఇంట్లోనే ముగించండి. బండిలో ఫోను పక్కన కూర్చున్నవారి చేతికివ్వండి. మన ఆడపిల్లలు ఈ పనిలో ఎవరికీ తీసిపోరు. దారి ఎంచడం వారికే అప్పగించండి.

పది నిమిషాలు ముందు కూర్చుని దారి చూసుకుంటే, ఇంట్లో ఎదురుచూసే అమ్మీకి ఆ రాత్రి నిద్ర పడుతుంది. అంతకంటే లాభం ఏముంది?