పసిబిడ్డల దంతచికిత్స – మత్తుమందు – బీమా
(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. నేను మన బిడ్డల పండ్లను గూర్చి కొంచెము మనవి చేసెదను. విషయ మల్పమని తలంపవలదు.

“పాలపండ్లే గదా, వానియంతట నవియే యూడిపోవును” అని మనవా రుపేక్షింతురు. కాని పాలదవడపండ్లు పదిపండ్రెండేండ్ల ప్రాయమువఱకు నుండవలసినవి. రాత్రులందు పాలసీసా నోట నుంచుకొని నిద్రించు శిశువునకు మూడవయేటనే యవి పుచ్చిపోవుట కలదు. నొప్పిచే బిడ్డ యన్నము ముట్టదు, నిదురపోదు. అట్టి పసిబిడ్డ వైద్యుని కుర్చీయందు కదలక కూర్చుండునా? పెక్కుపండ్లకు ఒక్కమాఱే చికిత్స చేయవలసినపుడు మత్తుమందు విలాసము గాదు, ఆవశ్యకము. అందులకు ప్రత్యేకవైద్యుడును, శ్వాసను గుండెను కనిపెట్టుచుండు యంత్రములును వలయును. వ్యయము పెరుగుట యందువలననే.

ఇక బీమా మాట. మనదేశమున పెక్కు ఆరోగ్యబీమా పాలసీలు, ప్రమాదమువలన గలిగినదానిని దప్ప, దంతచికిత్సను మినహాయించుచున్నవి. ఆ షరతునే చూపి మత్తుమందు సొమ్మును సైతము నిరాకరింపవచ్చును. అయినను దారి లేకపోలేదు. 2020 లో వచ్చిన ఆరోగ్యసంజీవని పాలసీయందు, వ్యాధివలన గాని గాయమువలన గాని యావశ్యకమైన దంతచికిత్స ఆసుపత్రి ఖర్చులలో చేర్చబడినది. అయితే, సామాన్యముగా ఆసుపత్రిలో చేరకయే పొందదగిన చికిత్స డేకేర్ క్రింద రాదను నిబంధన కలదు. చిక్కంతయు నిచ్చటనే. కావున ఈ బిడ్డకు మత్తుమందును ఆసుపత్రియు నేల వలయునో వైద్యునిచే కారణసహితముగా వ్రాయించి, చికిత్సకు పూర్వమే కంపెనీ యంగీకారమును లిఖితముగా బొందుడు. నిరాకరించినచో కంపెనీకి ఫిర్యాదు వ్రాయుడు. నెలలోపల తృప్తికరమైన యుత్తరము రానియెడల, ఏడాది గడువకముందే హైదరాబాదునందలి ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ నాశ్రయింపుడు. అందులకు రుసుము లేదు, వకీలు అక్కఱలేదు.

కాని పాలసీపత్రములు చదివి యర్థము చేసికొనువారు మనలో నెందఱు? సంఘకార్యాలయమున నెల కొకదినము ఇట్టి పత్రములు చదివి చెప్పుటకును, అర్జీలు వ్రాసిపెట్టుటకును తెలిసినవారిని నియమింపుడని కార్యవర్గమును కోరుచున్నాను. బీమా అందని పేదకుటుంబముల బిడ్డలకై యొక చిన్ననిధి నేర్పఱుపుడని దాతలను ప్రార్థించుచున్నాను. వివాహమున ఒకపూట దీపాలంకారమునకగు వ్యయము, ఒక పసిబిడ్డకు బాధలేని చికిత్స నొసగజాలును.